మా చాయ్ హోటల్లో హీరో మాటలు

మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో మాకొక చాయ్ హోటల్ ఉంది. హోటల్ అంటే నాలుగు బల్లలు, ఒక టీవీ, ఒక అబ్బా. అబ్బా అంటే మా నాన్న. పొయ్యి ఆయనది, రిమోట్ కూడా ఆయనదే. నా పని గల్లా దగ్గర కూర్చోవడం. డిగ్రీ చదివినందుకు ఆ మాత్రం గౌరవం ఇచ్చారు. టీవీలో ఎప్పుడూ ఫైటింగ్ సినిమానే. పాటలొస్తే గిరాకీ లేచిపోతుందని, తలకాయలు పగులుతుంటే కూర్చుని రెండో చాయ్ తాగుతారని అబ్బా సిద్ధాంతం.

ఆ వేసవిలో మా ఆపాకు, అంటే అక్కకు, హన్మకొండలో ఎం.ఏ. సైకాలజీ సీటు వచ్చింది. శనివారం సాయంత్రంలోగా చేరకపోతే పోతుంది. అబ్బా మాత్రం బీఈడీ అన్నాడు.

“పిచ్చోళ్ల సదువు మనకెందుకు బేటీ? టీచరైతే ఇజ్జత్ ఉంటది.”

“పిచ్చోళ్ల గురించే కాదు అబ్బా. మంచిగున్న మనిషికి కోపం ఎట్లొస్తదో గది గూడ సదువుతరు.”

“గది తెల్సుకోనీకి కాలేజెందుకు? మీ అమ్మీని అడుగు.”

ఆపా నవ్వలేదు. టీవీ వైపు చూపించింది. “గిదిగో, గిది గూడ కోపం నేర్పుతది.”

“నేను చిన్నప్పటి సంది చూస్తున్న. ఎవన్నన్న కొట్టిన్నా?”

“అందరు కొడ్తరని నేనంటలేను. కొట్టినోనికి దండలెయ్యంగ దినాం చూస్తే, కొడితేనే ఇజ్జత్ అని మనసుల పడ్తది. చూసీ చూసీ రక్తం గూడ రంగునీళ్ల లెక్కనే అనిపిస్తది.”

“అయితే వంటల ప్రోగ్రాం పెడ్దాం ఆపా,” అన్నాను. “గిరాకీ మన సమోసాలను అనుమానిస్తరు.”

శుక్రవారం జుమ్మా నమాజు నుంచి అబ్బా వచ్చేసరికి హోటల్ నిండి ఉంది. మధ్య బల్ల దగ్గర ఇద్దరు ఆటో డ్రైవర్లు, ఒకాయన మీసాలాయన, ఇంకొకాయన పొడుగాయన. ఏళ్ల తరబడి ఒకే చాయ్‌ని వన్ బై టూ తాగుతున్న దోస్తులు. టీవీలో హీరో రౌడీలను గాల్లోకి విసురుతున్నాడు. రౌడీలు మా వైపు మాటే మాట్లాడుతున్నారు. సినిమాలో మా మాట వినపడిందంటే, ఆ మనిషి కాసేపట్లో పైకి లేస్తాడని మాకు ముందే తెలుసు.

ఫైటింగ్ అయిపోయింది. పొడుగాయన మోచేయి తగిలి మీసాలాయన ఖాకీ చొక్కా మీద చాయ్ ఒలికింది.

“ఏందిరా, కావాల్నని పోసినవా?”

“చెయ్యి తాకింది. గంతదానికేనా?”

మీసాలాయన కుర్చీ తన్ని లేచి, పొడుగాయన కాలర్ పట్టుకుని, “ఒరేయ్! నా చెయ్యి లేచిందంటే నేనాపినా ఆగదురోయ్!” అన్నాడు.

డోర్నకల్ దాటి ఆటో నడపని మనిషి నోట్లో హీరో కోస్తా యాస, దాని వెనక సముద్రం వినిపించాయి.

అబ్బా గరిటె పట్టుకుని నిలబడిపోయాడు. నేను కుటుంబ ఆస్తిని, అంటే గాజు గ్లాసులను, వెనక్కి జరిపాను. ఆపా లోపలి నుంచి వచ్చి ముందు టీవీ బంద్ చేసింది.

“అన్నా, జర ఆగు. గిప్పుడు నువ్వు మాట్లాడింది ఎవరి మాట?”

“నా మాటనే!”

“నీ మాట గట్ల ఉండది. గది హీరో మాట. టీవీల మన లెక్క మాట్లాడినోన్ని హీరో ఏం చేసిండు?”

మీసాలాయన కాస్త ఆలోచించి, “ఇసిరేసిండు,” అన్నాడు.

“మరి నువ్వెవర్ని ఇసిరేస్తున్నవ్?”

కాలర్ ఇంకా ఆయన పిడికిట్లోనే ఉండగా పొడుగాయన అన్నాడు: “ముందుగాల నన్ను మన మాటల తిట్టురా. జర తెల్సినోడు తిట్టినట్టుంటది.”

మీసాలాయన తిట్టాడు. అచ్చులో పెట్టలేను గానీ, అది అచ్చంగా మా మాట. తిడుతుంటేనే నవ్వొచ్చి కాలర్ వదిలేశాడు. ఎవరూ అడగకుండానే అబ్బా ఒక చాయ్‌ని రెండు గ్లాసుల్లో పోశాడు.

గిరాకీ పలచబడ్డాక ఆపాను పిలిచాడు. “గంత మంచి దోస్తులు గట్లెట్ల చేసిన్రు?”

“ఫైటింగ్ అయిపోయినా గుండె ఇంకా దాంట్లనే ఉంటది అబ్బా. గా వేడిల మోచేయి తాకినా కొట్టినట్టే అనిపిస్తది. ఏమనాల్నో సినిమా ముందుగాలనే నోట్ల పెట్టి ఉంచుతది. పొద్దటి సంది ఎండల గిరాకీ లేక గా మీసాలన్న మొదలే పరేషాన్ల ఉన్నడు. తప్పంత సినిమాదే కాదు.”

అబ్బా చాలాసేపు చాయ్ కలిపాడు. అప్పటికే కలిసి ఉన్న చాయ్ అది.

“గిదంత బీఈడీల చెప్తరా?”

“గింత లోతుగ చెప్పరు.”

“మరింక గా బీఈడీ ఎందుకు?” అన్నాడు అబ్బా.

శనివారం పొద్దున స్టేషన్‌లో టికెట్ కిటికీ దగ్గర అబ్బా మొదలుపెట్టాడు. “మా బిడ్డ, మనుషులు ఎందుకు కొట్లాడుకుంటరో గది సదువనీకి పోతాంది.”

“ఎక్కడికి?” అన్నాడు లోపలాయన.

“కాజీపేట. హన్మకొండకు గాడనే దిగాలె.” టికెట్ చేతికొచ్చినా అబ్బా కదల్లేదు. మధ్య బల్ల, కాలర్, హీరో మాట, అంతా మొదటి నుంచి చెప్పాడు. వెనక క్యూలో గొంతులు లేచాయి.

“అబ్బా, జర జరుగు,” అంది ఆపా. “వాళ్ల గుండెలు వేడెక్కుతున్నయ్.”

ఆమె పెట్టె నేనే మోశాను. ప్లాట్‌ఫామ్ మీద నడుస్తుంటే నా ఛాతీ కాస్త ముందుకొచ్చింది. బరువువల్లనే అయ్యుంటుంది.