మౌల్మేను ఏనుగు పక్కన నిలబడ్డ మనిషి

పోయిన నెల ఈ బ్లాగులో ఒక పాత ఫోటో పెట్టాను, చూసే ఉంటారు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో బర్మాలోని మౌల్మేను టేకు డిపోలో తీసింది. ఒక ఏనుగు పెద్ద దుంగను తొండంతో ఎత్తి పేర్పు మీదికి నెడుతూ ఉంటుంది. అలాంటి ఫోటోల పిచ్చి నాకు చాలా ఏళ్ళుగా ఉంది. ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారులో చిత్తుకాగితాల కట్టలో దొరికింది ఇది. వెనకాల సిరాతో ఇంగ్లీషులో ఏనుగు పేరు 'మా చో' అనీ, దాని కింద 'ఒక కూలీ' అనీ రాసి ఉంది. ఏనుగుకు పేరుంది, మనిషికి లేదు. ఆ రాత మీద అప్పుడే ఒళ్ళు మండి, తెల్లదొరలను నాలుగు తిట్లు తిట్టి పోస్టు రాశాను. మీరంతా మెచ్చుకున్నారు కూడా.

రెండు రోజులకు మిర్యాలగూడ నుంచి శ్రీనివాస్ అనే కంప్యూటర్ మాస్టారు ఉత్తరం రాశారు. "మేడం, మా నాయనమ్మ మాణిక్యమ్మ మౌల్మేనులోనే పుట్టింది. వాళ్ళ నాన్న కోటయ్య టేకు డిపోలో దుంగలకు గొలుసు వేసేవాడు. ఆయన పని చేసిన ఏనుగు పేరు మా చో అని చిన్నప్పటి నుంచీ చెప్తుంది. మీ ఫోటోలో ఎడమ అంచున గొలుసు పట్టుకున్న ఒక చెయ్యి కనపడుతోంది. ఆ చేతి మనిషి కూడా అసలు ఫోటోలో ఉన్నాడా? నాయనమ్మకు ఒక కన్ను పోయింది. రెండో కంటిలో చూపు కొద్ది నెలలే ఉంటుందని డాక్టరు చెప్పాడు. వాళ్ళ నాన్న ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు."

ఉన్నాడు. ఫోటోలో ఒక మనిషి నిలువునా ఉన్నాడు. కాస్త మసకగా ఉన్నాడని, ఏనుగు నిండుగా కనపడాలని, ఆ వైపు అంచు కత్తిరించి పెట్టాను. పూర్తి స్కాను దాచుకోలేదు. అసలు ఫోటోనేమో సూర్యాపేటలో మా వెంకన్న బావ కొత్తగా కట్టెల డిపో తెరిచినప్పుడు కానుకగా ఇచ్చేశాను. కట్టెల డిపోకు టేకు ఏనుగు బాగుంటుందని నా తెలివి. బావ దగ్గర ఫోటో తీసుకుని సాయంత్రానికల్లా మిర్యాలగూడ చేరాలని, 2012 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున బయలుదేరాను.

ఎల్బీనగర్‌లో ఆరున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తొమ్మిదిన్నరకు సూర్యాపేట కొత్త బస్టాండులో దిగాను. టికెట్టు వంద రూపాయల లోపే. విజయవాడ రోడ్డు వెడల్పు చేస్తున్నారు కాబట్టి దుమ్ముకు ముక్కుకు గుడ్డ కట్టుకోవాల్సిందే. కిటికీ పక్క సీటు కోసం కొట్లాడకండి. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, పది నిమిషాలు ఆటోలో వెళ్తే బావ డిపో వచ్చింది.

లోపలికి అడుగుపెట్టగానే నా ప్రాణం చివుక్కుమంది. క్యాష్ టేబులు వెనక గోడకు ఎర్ర టేకు ఫ్రేములో మా చో. అద్దం మీద మూడు గంధం బొట్లు, వాటి మీద కుంకుమ. పైన బంతిపూల దండ, కింద ఊదుబత్తి. ఏనుగు సరిగ్గా పటం మధ్యలో ఉంది. ఎడమవైపు మనిషి లేడు. నా బ్లాగులో కనపడ్డ ఆ చెయ్యి కూడా లేదు.

"ఇదేంటి బావా? మనిషి ఏడి?"

"ఏ మనిషి? ఏనుగు ఉన్నది గద," అన్నాడు బావ. "పొద్దుగాల్నే గింత గరమెందుకైతున్నవ్ సుజాతా? జర కూసో, చాయ్ తాగు."

"నాకు చాయ్ వద్దు. ఫోటో కత్తిరించింది ఎవరు?"

"కోదాడల పటాల సైదులు కట్టిండు. మస్తు కడ్తడు. జూడు, ఏనుగు ఎంత ముద్దుగ వచ్చిందో."

ఫ్రేము దింపమన్నాను. అప్పుడు లోపలి నుంచి అక్క వచ్చింది. బావ భార్యను నేను అక్కా అనే పిలుస్తాను. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు నాకు అడ్డం నిలబడింది. "శుక్రవారం పూట పూజ జేసిన పటాన్ని ఎట్ల దింపుతం సుజాతా? ఇంట్లకెల్లి లక్ష్మిని బయటికి తోలినట్టయితది."

"అది లక్ష్మి కాదక్కా! దుంగలు మోసే ఏనుగు. దొరలు దాని ఒంట్లో సత్తువున్నంత కాలం పని చేయించుకుని, అది ముసలిదైతే ఏం చేశారో ఎవరికీ తెలియదు. దాన్ని పట్టుకుని మీరు బొట్లు పెడుతున్నారు!"

"ఏనుగు ఏనుగే," అంది అక్క. నాకు వచ్చిన కోపానికి గంధం గిన్నె విసిరేసి ఉండేదాన్ని. బావ నెమ్మదిగా జారుకుని కట్టెలు కొలవడానికి వెళ్ళాడు. ఇక లాభం లేదని కుర్చీలో కూర్చుని మాణిక్యమ్మ సంగతి, ఆమె కంటి సంగతి అక్కకు చెప్పాను. ఆమె మొత్తం విని దీపం వెలిగించింది. పటానికి దండం పెట్టి, తన చేతులతోనే దింపి, చీర కొంగుతో బొట్లు తుడిచింది. "నువ్వు ముందుగాల గీ ముచ్చట చెప్పొద్దా? అచ్చుడచ్చుడే లొల్లి పెట్టవడితివి," అంది. అదీ నిజమే.

సూర్యాపేట నుంచి కోదాడకు బస్సులు పది నిమిషాలకొకటి ఉంటాయి, గంట ప్రయాణం. ఫ్రేమును కాళ్ళ దగ్గర పెట్టుకుంటే కండక్టరు ఊరుకోలేదు. "అమ్మా, దేవుని పటం కాళ్ళకాడ పెడ్తరా? ఒళ్ళ పెట్టుకోన్రి." దేవుడు కాదని అతనికి కూడా చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఒళ్ళో పెట్టుకున్నాను. దారి పొడుగునా సైదులును ఏమేం అడగాలో వరుసగా మనసులో రాసుకున్నాను. డెబ్భై ఎనభై ఏళ్ళ నాటి ఫోటోకు కత్తెర పెట్టేవాడికి పటాల షాపు ఎందుకు, కటిక షాపు పెట్టుకోవచ్చు కదా అన్నది అందులో మొదటిది.

పన్నెండు దాటాక కోదాడ బజారులో షాపు దొరికింది. సైదులుకు అరవై ఉంటాయి. చుట్టూ వెంకటేశ్వరస్వాములు, సాయిబాబాలు, ఏసుప్రభువులు, మక్కా పటాలు. మధ్యలో పీట మీద కూర్చుని అద్దం కోస్తున్నాడు. నేను మనసులో రాసుకున్నదంతా ఒక్క ఊపిరిలో అనేశాను. ఆయన అద్దం పక్కన పెట్టి, ఫ్రేము చూసి గుర్తుపట్టాడు.

"కత్తిరించింది నేనేనండి. ఏనుగు మధ్యకి రావాల గదా. అసలు ఫోటోలో ఓ పక్కకుంది. పటంలో దేవుడు పక్కకుంటే ఇంటికి మంచిది కాదంటారు జనం, తిరిగి తెచ్చి నా మొహాన కొడతారు."

"అది దేవుడి పటమని మీకెవరు చెప్పారు?"

"ఏనుగు గదండి. ఏనుగు ఫోటో తెచ్చి పటం కట్టమంటే ఇంకెందుకనుకుంటాం? ముప్పై ఏళ్ళ నుంచి కడుతున్నా. గజలక్ష్మికి గానీ వినాయకుడికి గానీ ఇదే పద్ధతి."

"పక్కన ప్రాణం ఉన్న మనిషి ఉన్నాడు కదా! ఆయన కనపడలేదా?"

"కనపడ్డాడండి. అందుకే పారెయ్యలేదు."

నాకు అర్థం కాలేదు. ఆయన లేచి బల్ల కింద నుంచి ఒక బియ్యం సంచి లాగాడు. చిరిగిన దేవుడి పటాలు, చెద తిన్న కాలెండరు బొమ్మలు, పెళ్ళి ఫోటోల్లో కత్తిరించిన మిగులు ముక్కలు అందులో నిండా ఉన్నాయి. "దేవుడి ముఖం గానీ, మనిషి ముఖం గానీ ఉన్నది చెత్తలో వెయ్యనండి. మా నాయన కాడి నుంచి అంతే. సంచి నిండితే మట్టపల్లి పోయి కృష్ణలో కలిపి వస్తా. ఈసారి ఇంకా పోలేదు, మీ అదృష్టం." కింద గుమ్మరించి, ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతూ పావుగంట వెతికాడు. నేనూ నేల మీద కూర్చుని వెతికాను. చివరికి ఆయనకే దొరికింది. రెండు వేళ్ళ వెడల్పున్న నిలువు ముక్క. గోచీ కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, గొలుసును రెండు చేతులతో వెనక్కి లాగిపట్టి నిలబడ్డ మనిషి.

కోపం దిగిందనుకోకండి. "ఇలా ముక్కలు చేస్తే ఎట్లా అండీ? ఇక మీదట కత్తెర పట్టే ముందు అడగండి," అని మళ్ళీ మొదలుపెట్టాను. సైదులు ముక్కను పాత కాలెండరు కాగితంలో జాగ్రత్తగా చుడుతూ, "కంప్యూటర్‌లో మీరు పెట్టిన ఫోటోలో ఈయన ఉన్నాడా అండి?" అని అడిగాడు. నేను రాగానే అన్న మాటల్లో, ఫోటోను బ్లాగులో పెట్టిన సంగతి కూడా ఉంది మరి.

"లేడు. కత్తిరించాను."

"నేను కత్తిరించింది ఈ సంచిలో ఉంది. మీరు కత్తిరించింది ఎక్కడుందండి?"

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, మామూలుగా అడిగాడు. పొట్లం తీసుకుని బస్టాండుకు నడిచాను. మధ్యాహ్నం భోజనం కూడా చేయబుద్ధి కాలేదు.

కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా రెండు గంటలు పడుతుంది. బస్సు కోసం అరగంట చూసి, హుజూర్‌నగర్ దాకా ఒక జీపు, అక్కడి నుంచి బస్సు పట్టుకున్నాను. దారికి రెండు వైపులా వరి నాట్లు, నేరేడుచర్ల దగ్గర రైస్ మిల్లుల పొట్టు వాసన. ఇంకో రోజైతే వీటి గురించి రెండు పేరాలు రాసేదాన్ని. ఆ రోజు నా మీద నాకు వచ్చిన కోపానికి ఏదీ సరిగా చూడలేదు.

నాలుగు గంటలకు శ్రీనివాస్ మాస్టారు బస్టాండుకు వచ్చి బండి మీద ఇంటికి తీసుకెళ్ళారు. మాణిక్యమ్మ గారు వెలుతురు కోసం గడపలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఎనభై దాటాయట. లోపల గోడకు కోటు, టై వేసుకున్న ఒకాయన ఫోటో, దాని వెనక నీలం ఆకాశం. ఎవరని అడిగితే ఆమె చెయ్యి విసిరారు. "మా నాయినంట! నేను అడిగిన్నని, స్టూడియోవాడు మా తమ్ముని మొఖం దీసి కోటు తొడిగి ఇచ్చిండు. మా నాయినకు కోటు యాడిది బిడ్డా? ఒంటి మీద అంగీ సుత లేకుండెనాయె. నేను ఆ ఫోటోకు ఒక్కనాడు దండం పెట్టలే."

ఫ్రేము వెనక రేకు విప్పి ఏనుగు ఫోటో బయటికి తీశాను. కాలెండరు కాగితం విప్పి ఆ ముక్కను దానికి ఆనించి ఆమె ఒళ్ళో పెట్టాను. మాస్టారు భూతద్దం ఇచ్చారు. ఆమె చూపు ముఖం వైపు పోలేదు, నేరుగా పాదాల వైపు పోయింది. చాలాసేపు చూశారు. "ఎడమ కాలి ఏళ్ళు రెండు లెవ్వు. దుంగ కింద నలిగినయ్. మా నాయినే," అన్నారు. తర్వాత భూతద్దం పైకి జరిపి ముఖం చూశారు. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకుంటే అంతసేపు చూపు తప్పుతుందని కాబోలు.

కాసేపటికి వేలితో అతుకు తడిమి, "ఇదెట్ల తెగింది?" అని అడిగారు.

పటాల సైదులు కత్తిరించాడని చెప్పి ఊరుకోవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెప్పాను, కోదాడలో ఆయన కత్తిరించాడనీ, అంతకు ముందే హైదరాబాదులో నేను కత్తిరించాననీ. మసకగా ఉన్నాడని తీసేశానన్న మాట కూడా దాచలేదు.

ఆమె ఫోటో మీద నుంచి కన్ను తీయలేదు. "ఈ ఫోటో సంగతి మా నాయిన మస్తుసార్లు చెప్పేటోడు. దొర డబ్బా పెట్టి, నువ్ పక్కకు జరుగు, ఏనుగొక్కటే పడాలె అన్నడంట. గొలుసు ఇడిస్తే దుంగ జారి మా చో కాళ్ళ మీద పడ్తది, నేను జరుగ అన్నడంట మా నాయిన. దొర ఒర్లిండంట, కట్టె ఎత్తిండంట. అయినా జరుగలే. గందుకే ఫోటోల పడ్డడు." అప్పుడు తలెత్తి నా వైపు చూశారు. "కట్టె ఎత్తిన దొరతోనే మా నాయినను జరుపుడు కాలే. మీకెట్ల చేతులొచ్చినయ్ బిడ్డా?"

ఈ బ్లాగులో ఐదారేళ్ళుగా ఎందరినో తిట్టాను. ఆ ఒక్క మాట ముందు నాకు తిట్లు తెలియవని అర్థమైంది. ఆమె కోటు ఫోటో దింపమని మనవడికి చెప్పి, నన్ను అన్నం తిన్నావా అని అడిగారు. చింతకాయ తొక్కు వేసి అన్నం పెట్టించారు. సిగ్గుతోనే తిన్నాను. రెండు ముక్కలూ ఆమె దగ్గరే వదిలి, సాయంత్రం బస్సుకు హైదరాబాదు బయలుదేరాను.

దొరల మీద కోపం నాకు ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా. కానీ వాళ్ళ మీద కోప్పడడం చాలా సులువు, వాళ్ళెవరూ బతికి లేరు. 'కూలీ' అని రాసిన చేతిని అంత తిట్టి, అదే పోస్టులో ఆ కూలీని తుడిచేసిన చెయ్యి నాది. పాత ఫోటో తీసేసి, మాస్టారు స్కాను చేసి పంపిన పూర్తి ఫోటోను మొన్ననే ఆ పోస్టులో పెట్టాను. రెండు ముక్కల మధ్య అతుకు గీత కనపడుతుంది. దాన్ని సరిచేసి ఇస్తామని ఇద్దరు పాఠకులు ముందుకొచ్చారు, వద్దన్నాను.

ఇక ఇలాంటి ఫోటోల వెంట తిరిగేవాళ్ళకు ఒక సలహా. పాత ఫోటో దొరికితే ముందూ వెనకా, నాలుగు అంచులతో సహా స్కాను చేయించి, ఆ పూర్తి కాపీని విడిగా దాచుకోండి. స్టూడియోవాడు గానీ, పటం కట్టేవాడు గానీ, మీరు గానీ కత్తెర పట్టేముందు, తీసేయాలనుకున్న ఆ ముక్కలో ఉన్నది ఎవరో తెలుసుకోండి. తెలియకపోతే కత్తెర కింద పెట్టేయండి.