నాలుకతో చూసే మేస్త్రీ

ఆ రోజు తప్పు నాదే. తొంభైల్లో ఒక నిర్మాత కోసం ఫిల్మ్‌నగర్ గుట్ట మీద, పర్యాటకులు నక్షత్రాలు చూసేందుకు మట్టి గదులు కట్టిస్తున్నాను. సినిమా సెట్లు వేసిన అలవాటు కొద్దీ, మేస్త్రీ లేనప్పుడు మట్టి గోడకు మట్టిరంగు పెయింటు వేయించాను.

ఆ మేస్త్రీది షేక్‌పేట. ఉప్పు మట్టితో కడితే గోడ రాలిపోతుందని, ఏ మట్టినైనా నాలుక మీద పెట్టుకుని ఉప్పదనం చూసే అలవాటు. మర్నాడు వచ్చి, గోడను గోకి, రుచి చూసి ఉమ్మేశాడు.

"ఏంది సారూ, మట్టికి మేకప్ ఏసినవా? గోడకు ఊపిరాడదు. వానకు పొంగి కూలితే నా పేరు పోతది. నేను పోతున్న."

"ఫొటోలో మట్టిలా కనబడాలన్నారు నిర్మాతగారు."

"మట్టే గద సారూ, ఇంకెట్ల కనబడతది?"

వారం రోజులు నేనే పెయింటు గీకాను. కొత్త పూతకు మట్టి తొక్కి, షేక్‌పేట వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చాను. ఆయన ఎదుటే చిటికెడు మట్టి నాలుక మీద పెట్టుకున్నాను.

"ఎట్లుంది సారూ, ఉప్పు సరిపోయిందా?" అంటూ చొక్కా విప్పి పనిలోకి దిగాడు.