పొట్టి మొక్కల దారి

మా వైపు అంతా చేలే ఉన్న కాలంలో దారి తప్పడానికి ఎవరూ డబ్బులిచ్చేవారు కారు, ఊరికే తప్పేవారు. చీకటి పడ్డాక పక్క ఊరి నుంచి వస్తూ ఒకరి జొన్నచేలో దూరి ఇంకొకరి చెరకుతోటలో తేలడం, ఆ తోటవాళ్ళ ఇంట్లోనే ఇంత తిని పడుకోవడం మా పెద్దవాళ్ళకు మామూలు. తర్వాత చేలు పోయి ప్లాట్లు వచ్చాయి. ప్రతి మూలా నంబరు వేసిన రాయి నిలబడింది. ఇక తప్పిపోదామన్నా వీలు లేకుండా పోయింది. సరిగ్గా అప్పుడే మా మేనమామకు మనుషుల్ని దారి తప్పించే వ్యాపారం పెట్టాలని బుద్ధి పుట్టింది. ఇప్పుడు కిష్టారెడ్డిపేటలో మూడో అంతస్తులో, మా ఆయన నైట్ షిఫ్టుకు పోయాక, పాప ఊపిరి తీస్తోందో లేదో అని మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ కూర్చున్నప్పుడు (తీస్తూనే ఉంటుంది, పైగా నా వేలికి చిరాకుపడి ముఖం తిప్పుకుంటుంది) నాకు ఆ చేను గుర్తొస్తుంది.

నాన్నకు ఉత్తరాదికి బదిలీ అయినప్పుడు, నా డిగ్రీ మధ్యలో చెడకూడదని నన్ను మామ ఇంట్లో వదిలి వెళ్ళారు. డిగ్రీ అయిపోయింది. నన్ను తిరిగి తీసుకెళ్ళాలన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఫోనులో అమ్మ "కొన్నాళ్ళు చూద్దాం" అనేది. ఏం చూడాలో నాకు తెలియదు, నేనూ చూస్తూ ఉండేదాన్ని. కలిసి చదివిన పిల్లలు పెళ్ళిళ్ళయి కొందరు, ఉద్యోగాలకని కొందరు వెళ్ళిపోయారు. మామకు పాశమైలారంలో ఫ్యాక్టరీ పని, మిగిలిన పొద్దంతా చేలోనే. చుట్టుపక్కల చేలన్నీ అమ్ముడుపోగా మధ్యలో ఆయనది ఒక్కటే పచ్చగా మిగిలింది. ఆ పచ్చదనాన్ని చూసి ఆయన సంతోషించేవాడు కాదు. "చేను ఒడ్డు మీద నిలవడి బీడీ అడిగెటోడు గూడ లేడు బిడ్డా" అనేవాడు. (మామకు బీడీ అలవాటు లేదు. అయినా అడిగేవాళ్ళ కోసం జేబులో కట్ట ఉండేది.)

ఫ్యాక్టరీలో ఎవరో విదేశీ పుస్తకంలో బొమ్మ చూపించారట. మనిషెత్తు మొక్కజొన్న, అంటే మా మక్కచేను, దాని కడుపులో వంకర టింకర దారులు, టిక్కెట్టు కొని లోపలికి పోయి తప్పిపోతున్న జనం. ఆ సాయంత్రం మామ ఆ సంగతి చెబితే అత్తమ్మ చేట కింద పెట్టేసింది.

"పైసలిచ్చి తప్పిపోవుడేంది? పిచ్చి లేసిందా వాళ్ళకు?"

"ఆట గది. లోపలికి పోయినోడు జల్దిన బయటికి రాడు."

"రాకుంటే మనకేమొస్తది?"

"గంతసేపు మన చేన్ల ఉంటడు గదనే" అన్నాడు మామ.

అత్తమ్మ చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత ఒక షరతు పెట్టింది. ఈ పంటకు మనుషులొస్తే చేను ఉంటుంది. రాకపోతే తెల్లబూట్ల సారుకు ఊ కొట్టాలి. తెల్లబూట్ల సారంటే మా చుట్టూ ఉన్న చేలన్నీ కొని రాళ్ళు పాతించిన ఆయన. వానాకాలంలో కూడా తెల్లబూట్లే వేసేవాడు. మామ చేను కోసం వారానికోసారి వచ్చి, చాయ్ తాగి, "ఇగ ఆలోచన జెయ్యి పటేలా" అని వెళ్ళేవాడు. మామ సరేనన్నాడు. దారులు గీసే పని నాకప్పగించాడు. నేను బీఎస్సీ చదివాను కాబట్టి దారులు నాకు తెలుస్తాయని ఆయన నమ్మకం. (నేను చదివింది వృక్షశాస్త్రం. ఏ దారీ తెలియకే ఆ ఇంట్లో ఉన్నాను.)

తొలకరికి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి గింజ వేసి చేను చిక్కగా మొలిపించాం. మొక్క మోకాలెత్తు రాగానే నేను కాగితం మీద గీసుకున్న దారుల ప్రకారం ముగ్గుపిండి పోసుకుంటూ, ఆ గీతల్లో ఉన్న మొక్కలన్నీ పీకేశాను. ఆ రోజు కలుపు తీయడానికి వచ్చిన ఆడవాళ్ళు పని ఆపి నావైపు చూస్తూ నిలబడ్డారు. వాళ్ళకు పెద్దదైన పెద్దక్క ఒడ్డు మీద నుంచే అరిచింది. "పానమున్న మొక్కను పీకుతున్నవ్, చేతులెట్లొస్తున్నయే నీకు? ఏమన్న తిట్లు వడ్డవా ఇంట్ల?" దారి కోసమని చెప్పాను. "చేన్ల దారేంది? ఒడ్డు లేదా నడవనీకి?" అని అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ రోజు చాలా గర్వంగా ఉండింది. జీవితంలో మొదటిసారి ఎటు పోవాలో నిర్ణయించే పని నా చేతికొచ్చింది మరి.

ఆ గర్వానికి దిష్టి తగిలినట్టు మర్నాటికి జ్వరం, ఆపైన ఒళ్ళంతా పొక్కులు. అమ్మవారు పోసిందని నన్ను వెనక గదిలో వేపమండల మధ్య పడుకోబెట్టారు. గడప దాటకూడదు, పొలం సంగతి ఎత్తకూడదు. మామకు డబుల్ షిఫ్టులు పడ్డాయి, వచ్చిపోతూ ఒడ్డు మీద నుంచి చేను పచ్చగా ఉందని చూసి సంతోషించేవాడు. నెల దాటి నేను లేచి తిరిగేసరికి మక్క నా నెత్తి దాటి, పైన పూత విచ్చుకుని, గాలికి సముద్రంలా ఊగుతోంది. దారి మొదలు దగ్గర నిలబడి చూస్తే లోపలికి చక్కగా పోతోంది. పచ్చి మచ్చలను ఆకులు కోస్తాయని అత్తమ్మ నన్ను లోపలికి మాత్రం పోనివ్వలేదు. మామ రేకు మీద తన చేత్తో రాసి బోర్డు కట్టాడు: "రండి, తప్పిపోండి."

కంకులు గింజ పట్టాక వచ్చిన ఆదివారం నిజంగానే జనం వచ్చారు. మామతో పనిచేసేవాళ్ళు భార్యాపిల్లలతో, బీరంగూడ నుంచి కొన్ని కుటుంబాలు, టిఫిన్ డబ్బాలతో సహా. కూలిపనికి దూర రాష్ట్రం నుంచి వచ్చిన ఇద్దరు "భుట్టా మిలేగా?" అని అడిగి, దారి సంగతి పట్టించుకోకుండా పెద్దక్క కంకులు కాలుస్తున్న నిప్పు దగ్గర కూర్చున్నారు. తెల్లబూట్ల సారు కూడా వచ్చాడు. "ఎంతమందొచ్చిండ్రో లెక్క సూద్దామని" అంటూ అందరికంటే ముందు లోపలికి దూరాడు. వెనక పోయినవాళ్ళు మాత్రం రెండు మలుపులు తిరిగి వెనక్కి వచ్చేశారు. "లోపల దారి లేదు, అంతా మక్కనే. మస్తుంది" అని మెచ్చుకుని కంకుల దగ్గరికి పోయారు. దారి ఏమైందని నేను అందరినీ అడిగాను. అప్పుడు నిప్పు రాజేస్తున్న పెద్దక్క తలెత్తి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఎంతో ప్రేమగా చెప్పింది.

"నువ్వు మంచంల వడ్డవని నీ పని మేమే జేసినం బిడ్డా. రానీకి పోనీకి మొదట్ల జెర ఇడిచి, యాడ సందు కనవడ్డదో ఆడల్ల గింజలు వెట్టినం. కూలికి గాదు, ఊకెనే. గంత జాగ ఉత్తగ ఇడుస్తమా?"

మొలవని చోట మళ్ళీ గింజ పెట్టడం వాళ్ళ చేతికి పుట్టుకతో వచ్చిన పని. వాళ్ళ కళ్ళకు నా దారులన్నీ చేనుకు పడిన చిల్లులు. నా మీద జాలితో వాటిని ఒక్కొక్కటే కుట్టేశారు. ఏమని కోప్పడను? పైగా తెల్లబూట్ల సారు ఇంకా లోపలే ఉన్నాడు. ఆయన కోపంగా బయటికి వస్తే అత్తమ్మ ముందు మామ మాట చెల్లదు. నేనే పోయి తీసుకొస్తానని చేలోకి దూరాను.

నాలుగు మలుపుల దాకా నేను గీసిన దారి నాకు జ్ఞాపకం ఉంది. ఆ తర్వాత ఏదీ కలవలేదు. ఆకులు చెంపలు కోస్తున్నాయి. ఎటు చూసినా ఒకటే పచ్చ. బయట జనం నవ్వులు వినిపిస్తున్నాయి, అవి ఏ దిక్కు నుంచో తెలియడం లేదు. అరవాలంటే సిగ్గు. దారి గీసిన మనిషే తప్పిపోయిందంటే ఇంకేముంది? ఎవరో ఒకరు వెతకడానికి వస్తారని నిలబడ్డాను. ఎవరూ రాలేదు. దారి తెలిసినదాన్ని కదా, నన్నెవరు వెతుకుతారు? నేల మీద కూర్చున్నాను. ఆ వానాకాలమంతా ఇలాగే ఉన్నానని అప్పుడు తెలిసింది.

అంతలో రెండు మూడు సాళ్ళ అవతల నుంచి సన్నగా గొంతు వినిపించింది. "ఎవరాడ?"

"నేను సార్. పటేలు మేనకోడలిని."

"బతికిచ్చినవ్. తొవ్వలు గీసింది నువ్వేనట గద? చెప్పు, ఎటు?"

"గదే సూస్తున్న సార్."

అవతల ఆకులు ఒకసారి గలగలమన్నాయి. తర్వాత, "నువ్వు గూడనా?" అన్నాడు. ఆయనకు కనబడదని మరిచిపోయి నేను తల ఊపాను. "మాట్లాడుకుంట ఉండు బిడ్డా, ఆగకు" అన్నాడు కంగారుగా.

"ఏం మాట్లాడాలె సార్?"

"ఏదన్న. పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఉప్మా."

"దాంట్లకు?"

"నిమ్మకాయ తొక్కు."

పొద్దున ఏం తిన్నావని నన్ను ఎవరైనా అడిగి అప్పటికి ఎన్నాళ్ళయిందో. అత్తమ్మ పెట్టేది, తిన్నానో లేదో చూసేది, అడిగేది కాదు. చెబితే నవ్వుతారు గానీ, ఆ చేలో, ముఖం కనబడని ఆ మనిషితో, మామ భూమిని మింగడానికి వచ్చినవాడితో, నేను ఉప్మా గురించి కళ్ళనీళ్ళు పెట్టుకుని మాట్లాడాను. ఆయన మాత్రం తన భయంలో తానున్నాడు. కాసేపటికి గొంతెత్తి మొక్కుకోవడం వినిపించింది. "పోచమ్మ తల్లీ, నన్ను బయట వడెయ్యి. ఈ చేను జోలికి మళ్ళ రాను. కోడిని గోస్త."

నేను అప్పటిదాకా ఖాళీ కోసం వెతుకుతున్నాను. దారంటే ఖాళీ అనే నా లెక్క. కళ్ళు తుడుచుకోవడానికి తల దించినప్పుడు, నా పక్కనే, పెద్ద మొక్కల ఆకులు కమ్ముకున్న చోట, నడుమెత్తు మొక్కలు వరసగా కనిపించాయి. మిగతా చేనంతా నెత్తి దాటి ఉంటే ఇవి మాత్రం పొట్టిగా, పసిగా ఉన్నాయి. పెద్దక్క ఆలస్యంగా పెట్టిన గింజలు! నా దారి ఎక్కడికీ పోలేదు. దాని మీద పంట మొలిచింది, అంతే.

"సార్, కిందికి సూడుండ్రి! పొట్టి మక్క యాడుంటే ఆడ నడువుండ్రి. తొక్కకుండ్రి, పెద్దక్క తిడతది."

మేమిద్దరం పొట్టి మొక్కల సందుల్లో కాళ్ళెత్తి కొంగల్లా అడుగులు వేస్తూ బయటపడ్డాం. ఆయన బూట్లు ఇక తెల్లవి కావు. నాకు నమస్కారం పెట్టి, చాయ్ కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు.

అప్పటికి జనమంతా పోయారు. బూడిదవుతున్న నిప్పుల పక్కన మామ ఒక్కడే కూర్చున్నాడు, ఒక కంకి పక్కకు తీసిపెట్టి.

"అందరు పోయిండ్రా?" అన్నాను. "నేను లోపలున్ననని ఎవ్వలు సూడలేదా?"

"నేను సూస్తనే ఉన్న. పైన పూత యాడ ఊగితే ఆడున్నవని."

"మరి పిలవొచ్చు గద మామా!"

"పిలిస్తే నీ ఇజ్జత్ ఉంటదా?" అని కంకి నా చేతిలో పెట్టాడు. "నడుమ ఊగుడు బందయింది జెరసేపు. గప్పుడు మాత్రం లేచి నిలవడ్డ."

ఆ పంట ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు జనం వచ్చారు, దారి కోసం కాదు, కాల్చిన కంకుల కోసం. ఏదైతేనేం, మామ జేబులోని బీడీ కట్ట ఖాళీ అయింది. తెల్లబూట్ల సారు మొక్కు తప్పలేదు, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. కొన్నేళ్ళ తర్వాత నల్లబూట్లాయన వచ్చాడు. ఆయనకు ఏ మొక్కూ లేదు.

మామ ఇప్పుడు బీరంగూడలో కిరాయింట్లో ఉంటాడు. ఫోను చేస్తే అందరిలా ఎట్లున్నావని అడగడు. "ఊగుతున్నవా?" అంటాడు. "ఊగుతనే ఉన్న మామా" అంటాను, ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ. ఫోను పెట్టేశాక ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది, నాకు మళ్ళీ భయమేస్తుంది. అప్పుడు ఉయ్యాల మీదికి వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టడానికి బదులు, "పొద్దుగాల ఏం తిన్నవ్?" అని అడుగుతాను. పాలు తప్ప ఇంకేమీ ఎరగని ఆ పిల్ల కళ్ళు విప్పి చాలా శ్రద్ధగా ఆలోచిస్తుంది. అరవడానికి సిగ్గుపడి చేలో కూలబడిన ఒక పిచ్చిపిల్ల నాకు గుర్తొచ్చి, నవ్వొస్తుంది.