ఎనిమిది గ్రహాలు, రెండు విత్తనాల మూటలు

నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే. అయినా గ్రహాలు సూర్యుని చుట్టూ ఎట్లా తిరుగుతాయో నాకు తెలుసు. మా జొన్న కళ్లంలో తెలుసుకున్నాను. పంచాంగాలు తిరగేసేవాళ్ళకు, అనంతపురం నుంచి పేపరు తెప్పించుకునేవాళ్ళకు ఆ ఏడు ఆ మాత్రం తెలియలేదు. వాళ్ళను తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం రాదు, చీదర పుడుతుంది. కోపం మనుషుల మీద వస్తుంది.

అరవై రెండో సంవత్సరం. మా ఊరు శింగనమలకు నడిచి పోయేంత దూరం. ఊళ్ళో పంచాంగం ఒక్క ఇంట్లోనే ఉండేది. ఆ ఇంటాయనకు మెట్ట చేలు ఊరందరికంటే ఎక్కువ. అందరూ పెద్దయ్యా అని పిలిచేవాళ్ళు. చేలు ఎక్కువైతే చదువు కూడా ఎక్కువే అయి ఉంటుందని మావాళ్ళ నమ్మకం. పుష్యమాసం చివర అమావాస్యకు మకరరాశిలో ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరుతున్నాయనీ, ఆ ఆదివారం భూమి పగిలి సముద్రం పొంగి వస్తుందనీ ఆయన అరుగు మీద కూర్చుని చెప్పాడు. దేశమంతా అదే గోల అని పేపరు కూడా చూపించాడు. సముద్రం మా ఊరికి వస్తుందట. రెండేళ్ళుగా బావుల్లో బిందె మునగని ఊరికి సముద్రం వస్తుందని చెప్పినవాణ్ణి ఏమీ అనను. నమ్మినవాళ్ళను ఏమనాలో మాత్రం నాకు ఈ రోజుకీ మాట దొరకలేదు.

దానికి విరుగుడు కూడా ఆయనే చెప్పాడు. హోమం చేయాలి. నెయ్యి, సమిధలు ఆయన పెట్టుకుంటాడు. ఊరివాళ్ళు మాత్రం ఇంటికి రెండు మూటల వేరుశనగ విత్తనం ఇవ్వాలి. తినే గింజ పనికిరాదు, వచ్చే ఏటికి దాచుకున్న విత్తనమే కావాలి. ప్రాణం లాంటిది ఇస్తేనే గ్రహాలు శాంతిస్తాయట. గ్రహాలకు వేరుశనగ విత్తనం మీదే ఎందుకు అంత మక్కువ అని ఎవరూ అడగలేదు.

మా ఇంట్లో ఉన్నవి సరిగ్గా రెండు మూటలు. ఆ ఏడు పండిన కొద్ది కాయలో గట్టివి ఏరి, ఎండబెట్టి, నేనూ అత్తా కుట్టి పెట్టినవి. అవి పోతే తొలకరికి మా చేను బీడు. మళ్ళీ విత్తనం కొనే ఓపిక ఇంట్లో లేదు. నాకు అప్పటికే ఇద్దరు పిల్లలు. అంటే ఆ రెండు మూటలు గ్రహాలకు పోతే కాయలమ్మిన డబ్బు ఉండదు, మా పిల్లలకు వచ్చే ఏడు సంగటి ముద్ద లేదన్నమాట. లెక్క అంతే. దీనికి పంచాంగం అక్కర్లేదు.

మా వసారాలో అప్పట్లో బడిపంతులు ఒకాయన కాపురముండేవాడు. చర్చికి పోయే మనిషి, ఒంటరివాడు, మా ఇంట్లోనే తినేవాడు. మా మామ మూటల సంగతి తేల్చుకోలేక, ఒకనాటి పొద్దున కళ్లంలో ఆయన్ను అడిగాడు. అప్పుడు జొన్న కంకులు తొక్కిస్తున్నాం. నడిమి గుంజకు కట్టి నాలుగు ఎద్దులను పక్కపక్కన తోలుతున్నాడు మామ. నేను కంకులు ఎగదోస్తున్నాను.

ఆ గుంజే సూర్యుడనుకో అన్నాడు పంతులు. మన ఎద్దుల మెడలు కలిపి కట్టినాం గనుక నాలుగూ ఒక్క వరసలో తిరుగుతున్నాయి. ఆ పలుపులు విప్పి, ఏ ఎద్దు దారిన దాన్ని తిరగమంటే? గుంజ దగ్గరిది చిన్న చుట్టు చుడుతుంది, వేగంగా కూడా నడుస్తుంది. అది బుధుడు, మూడు నెలలకు ఒక చుట్టు. తరువాతిది శుక్రుడు. ఆ తరువాతి ఎద్దు మీద మనం కూర్చుని ఉన్నాం, మనకు ఒక చుట్టుకు ఒక ఏడాది. మన అవతల కుజుడు. ఇంకో రెండెద్దులు కూడా ఉన్నాయనుకో, ఇంకా అవతల గురువు, ఆయనకు పన్నెండేళ్ళు. అందరికంటే వెలుపల శని, ఒక్క చుట్టుకు ముప్పై ఏళ్ళు. ఎవరి నడక వాళ్ళది కదా, ఎప్పుడో ఒకసారి మనం కూర్చున్నచోటి నుంచి చూస్తే అందరూ ఒకే దిక్కున కనిపిస్తారు. కనిపించడమే. ఎవరి చుట్టులో వాళ్ళే ఉంటారు. కొమ్ములు తగలవు.

మరి చంద్రుడో అన్నాడు మామ. చంద్రుడు మన చుట్టూ తిరిగే దూడ, నెలకొకసారి సూర్యుని దిక్కుకు వస్తూనే ఉంటాడు, ప్రతి అమావాస్యకూ అదే పని, అన్నాడు పంతులు. మరి కేతువో? అప్పుడు ఆయన నవ్వాడు. "కేతువనేది వస్తువే కాదప్పా. సూర్యుడు పోయే దారీ చంద్రుడు పోయే దారీ ఒకదానికొకటి అడ్డం వచ్చే చోటు. రెండు బండ్లబాటలు కలిసే చోటికి నువ్వు గడ్డి వేస్తావా?"

నేను కంకులు ఎగదోయడం ఆపేశాను. ఎనిమిదిలో ఒకటి ఉత్త చోటు. ఒకటి నెలనెలా వచ్చేది. ఒకటి రోజూ మా ఇంటి ముందు పొడిచే సూర్యుడే. ఈ మూడింటిని కూడా కలిపి ఎనిమిది అని లెక్క చెప్పి ఊరిని ఏడిపిస్తున్నారన్నమాట.

మామ వదల్లేదు. తోకచుక్కల మాటేమిటి, అవి చుట్టు లేకుండా వస్తాయి కదా అన్నాడు. పంతులు మా కుంటిమేకను చూపించాడు. అది మందతో కలిసేది కాదు. పొద్దంతా దూరాన గుట్ట వాలులో నింపాదిగా మేసేది. సాయంత్రం నీళ్ళతొట్టి వాసన తగిలితే ఆ కుంటికాలితోనే పరుగు తీసేది. తొట్టికి దగ్గరయ్యే కొద్దీ పరుగు హెచ్చి, తొట్టిని చుట్టుకుని, మళ్ళీ గుట్ట వైపు పోయేది. పోయే కొద్దీ నడక నిదానం. తోకచుక్కకూ చుట్టు ఉంది, కాకపోతే కోలగా సాగిన చుట్టు అన్నాడు. సూర్యునికి దగ్గరైతే వేగం, దూరమైతే నిదానం. తోక సంగతి మాత్రం తూర్పారబట్టడంలో ఉందట. మనం ఎటు నడిచినా పొట్టు గాలివాటునే పోతుంది. అట్లాగే తోక ఎప్పుడూ సూర్యునికి అవతలి వైపే ఎగురుతుంది. తోకచుక్క తిరిగి పోయేటప్పుడు తోకే ముందు నడుస్తుంది.

మా మామ అంతా విన్నాడు. తల ఊపాడు. పంతులుకు చెంబెడు మజ్జిగ ఇమ్మన్నాడు. ఇంటికి వచ్చి, ఎల్లుండి పెద్దయ్య బండి వస్తుంది, రెండు మూటలూ బయట పెట్టండి అన్నాడు. ఆ పంతులుకు మన దేవుళ్ళు లేరు, మన గ్రహాల సంగతి ఆయనకేం తెలుసు అని పెద్దయ్య అన్నాడట. గ్రహాలకు కులమూ మతమూ కట్టబెట్టిన ఘనుడు ఆయన. విన్నది అర్థమై కూడా భయపడేవాడిని ఎవరూ బాగుచేయలేరని ఆ రోజు నాకు తెలిసింది. మా ఆయన సంగతి చెప్పనక్కర్లేదు. తండ్రి మాటకు ఎదురు చెప్పడం ఆయన పుట్టుకలోనే లేదు.

మరుసటి రోజు మగవాళ్ళు కళ్లంలో ఉండగా నేను పొయ్యిలోకని పోగేసిన తాలుకాయల కుప్ప దగ్గర కూర్చున్నాను. తాలుకాయ అంటే పైకి కాయే, లోపల గింజ ఉండదు, గాలి ఉంటుంది. ఖాళీ గోనెల్లోకి ఆ తాలు తోడుతుంటే మా అత్త వచ్చి నిలబడింది. ఆమె కాసేపు చూసి, కొంగు నడుముకు చుట్టుకుని పక్కన కూర్చుంది.

"అడుగున మట్టిపెళ్ళలు ఎయ్యి. తేలిగ్గుంటే ఎత్తేటోనికి అనుమానం వస్తాది," అంది. అంతే.

పైన రెండేసి దోసిళ్ళు గట్టికాయలు పరిచాం. మా ఊళ్ళో మూట కుట్టేటప్పుడు ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు ఉంటుంది, మిల్లు దగ్గర కలిసిపోకుండా. మా ఇంటిది మూతి దగ్గర ఎర్రగుడ్డ పేలిక. ఆ పేలిక కూడా కుట్టాం. అసలు విత్తనం ఇద్దరం చెరొక కొస పట్టి మోసుకుపోయి పశువుల మేతకు వేసిన జొన్నకట్టె వామి కింద వేపాకు పరిచి దాచాం. మరుసటి పొద్దున పెద్దయ్య బండి వచ్చి తాలుమూటలు ఎత్తుకుపోయింది.

ఆ ఆదివారం వచ్చింది. ఊళ్ళో ఒక్క కోడి మిగల్లేదు, పోయేముందు తిని పోదామని అన్నిటినీ కోసేశారు. ఇండ్లు మీద పడతాయని చలిలో చేలల్లో పడుకున్నారు. ఎనిమిదేళ్ళ కిందట మా విసుర్రాయి తీసుకుపోయి ఇవ్వని పక్కింటామె శనివారం దాన్ని నెత్తిన మోసుకొచ్చి, తప్పులుంటే క్షమించమని ఏడ్చి పోయింది. గ్రహాలేమో కంటికి కూడా కనబడలేదు. అన్నీ సూర్యుని దిక్కునే ఉంటే ఎండలో ఏం కనబడతాయి? సోమవారం తెల్లవారింది. బర్రెలు పాలకు అరిచాయి. మంగళవారం పక్కింటామె వచ్చి విసుర్రాయి మళ్ళీ అడిగింది.

హోమం వల్లే ప్రళయం తప్పిందని పెద్దయ్య చెప్పాడు. హోమంలో పడింది ఇంటికి ఒక గుప్పెడు, మిగతావి లోపల మంత్రించి కాల్చానన్నాడు. ఊరు నమ్మింది. సముద్రాన్నే నమ్మినవాళ్ళకు ఇదేం పెద్ద మాట?

తొలకరి పడింది. పెద్దయ్య ఇంట్లో విత్తనం ఒలవడానికి ఆడవాళ్ళు కావాలని కబురు వచ్చింది. అత్త నన్ను పొమ్మంది. పోయి చూస్తే కొట్టంలో గోడ పొడుగునా మూటలు. ఒకదానికి నల్లదారం, ఒకదానికి పసుపుదారం, ఒకదానికి చాపపీలిక. ఎవరి మూట వాళ్ళకు తెలుస్తూనే ఉంది. తలలు వంచుకుని, తమ ఇంటి విత్తనం తామే కూలికి ఒలుస్తున్నారు. వాళ్ళ మీద కూడా నాకు జాలి కలగలేదని ఒప్పుకుంటున్నాను.

మధ్యాహ్నానికి ఎర్రపేలిక మూట విప్పారు. పై కాయలు అయిపోయాక, నొక్కినదల్లా పుటుక్కున పగిలి ఉత్తదే. ఒక ముసలామె గోనె బోర్లించింది. తాలూ, దాని వెంబడి మట్టిపెళ్ళలూ పడ్డాయి. పెద్దయ్య వచ్చి చూసి, కాలితో కెలికాడు.

"ఈ మూట ఎవురింటిది?" అన్నాడు. గుర్తు ఆయనకు తెలుసు. నా వైపే చూస్తున్నాడు.

నేను ఒలిచే కాయ కింద పెట్టి చెప్పాను. "ఎర్రపేలిక మా ఇంటిదే పెద్దయ్యా. అయితే మా మూట హోమంలో కాలిపాయనని మీరే అంటిరి గదా. ఇది యాడనుంచి వచ్చిందో మీరే చెప్పల్ల."

ఆ ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "బూడిద మళ్ళీ కాయైనట్టుండాది లేప్పా," అంది.

"నోరు శానా లేస్తాండాది నీకి. మీ మామకు చెప్తా," అన్నాడాయన.

"చెప్పండి. ఏమని చెప్తారు?"

ఏమని చెప్పినా ముందు ఆ మూటలు కాలలేదని చెప్పాలి. ఆయన బర్రెకు కుడితి పెట్టారా అని ఎవరినో కసురుతూ లోపలికి పోయాడు. ముసలామె లేచి చాపపీలిక మూట తన వైపు లాక్కుని నెత్తికెత్తుకుంది. నల్లదారం మూట ఇంటామె కూడా లేచి తన మూట ఎత్తుకుంది. మిగతావాళ్ళంతా పొద్దుగూకేదాకా కూర్చుని ఒలిచి, కూలి కింద ఇచ్చిన గుప్పెడు కాయలు ఒడిలో పోసుకుని ఇండ్లకు పోయారు. వాళ్ళ చేలు ఆ ఏడు బీడే.

మేం విత్తనం వేశాం. పంట గొప్పగా ఏం రాలేదు, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. అయినా పిల్లలు తిన్నారు, విత్తనం మళ్ళీ రెండు మూటలు నిలిచింది. మా మామ ఆ మూట గురించి నన్ను ఒక్క మాట అడగలేదు. ఊరంతా చెప్పుకుని నవ్విన సంగతి ఆయన చెవిన పడలేదనుకునేంత పిచ్చిదాన్ని కాదు. అడగడానికి మొహం లేదు, అంతే.

మూడేళ్ళు గడిచాయి. పంతులు బదిలీ అయి చిలమత్తూరు వైపు పోయాడు. ఆ కార్తీకంలో తెల్లవారుజామున పేడకళ్ళు ఎత్తుదామని వాకిట్లోకి వచ్చానో లేదో, తూర్పున గుట్ట మీద తెల్లగా, పొడుగ్గా, చీపురు నిలబెట్టినట్టు తోకచుక్క. నాలుగు రోజులుగా చూస్తూనే ఉన్నాను. మా మామ అప్పటికే పంచె భుజాన వేసుకుని దాన్నే చూస్తున్నాడు. పెద్దయ్య నిన్ననే చెప్పాడట, కరువు వస్తుంది, శాంతి చేయాలి అని. కరువు వస్తుందని మా సీమలో చెప్పడానికి ఆకాశంలో తోక మొలవాలా?

"ఏమ్మా, అది మన మీదికి వస్తాందా, పోతాందా?" అన్నాడు మామ. ఆయన నన్ను ఒక సంగతి అడగడం అదే మొదలు.

"పోతాంది మామా. సూర్యుడు ఇంకా గుట్ట కిందుండాడు, తోక పైకి ఎగిరింది. దినదినానికి సూర్యునికి దూరమైతా ఇంకా పైన కనపడతాంది. తొట్టిని చుట్టుకొని మన కుంటిమేక గుట్టకు పోయినట్లే. పోనుపోను నిదానిస్తాది," అన్నాను.

కుంటిమేక చచ్చి ఏడాదైంది. తూర్పు తెల్లబడి తోక కొస నుంచి కరిగిపోతూ వచ్చింది.

"మళ్ళీ బండి పంపుతాడు," అన్నాడు.

"పంపనీ."

మామ పంచె దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "ఈసారి తాలు గూడా ఇయ్యొద్దు. పొయ్యిలోకి పనికొస్తాది," అని ఎద్దులను విప్పడానికి పోయాడు.