గడప ముందరి బొగ్గు పొయ్యి

మొన్న భూపాలపల్లిలో మా డాబా మీద సోలార్ పలకలు బిగించడానికి ఇద్దరు పనివాళ్లు వస్తే, వాళ్లకు చాయ్ కూడా ఆ పలకల కరెంటుతోనే కాచి పోస్తానని మా ఇంటావిడ పట్టుబట్టింది. పాపం, వాళ్లు మధ్యాహ్నం దాకా ఎండిన గొంతులతోనే బోల్టులు బిగించారు. చివరికి కరెంటు పొయ్యి మీద, మంటా పొగా లేకుండా నీళ్లు మరుగుతుంటే ఆమె రెప్ప వేయకుండా చూస్తూ నిలబడిపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నెత్తి మీద ఇంత ఎండను పెట్టుకుని నిప్పు కోసం పాతాళానికి దిగిన ఘనులం మేమని అన్నాను. ఆమె నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నాకు తెలుసు.

నాది పెద్దవంగర దగ్గర పల్లె. ఏడో తరగతిలో బడికి నేనూ, నాకు బడీ విసుగొచ్చి, ఇద్దరం మర్యాదగానే విడిపోయాం. తర్వాత కొన్నేళ్లకు బొగ్గుబాయిలో పని దొరికి ఇక్కడికి వచ్చి, పెళ్లయిన నెలకే ఆమెను క్వార్టరుకు తెచ్చుకున్నాను. పుట్టింట్లో పత్తికట్టెతో వండిన మనిషి కదా, వాకిట్లో బొగ్గు కుప్పను చూసి ఇవేం రాళ్లని అడిగితే, నాతో పాటు పుట్టినవే, రంగు చూస్తలేవా అన్నాను. ఏది అడిగినా నా దగ్గర ఒక వెటకారం తయారుగా ఉండేది.

మా వరుసలో ఆడవాళ్లంతా పాత ఇనుప బకెట్లకు మట్టి మెత్తి చేసిన పొయ్యిల్లో, గడప ముందరే బొగ్గు రాజేసేవాళ్లు. పొగంతా పోయి బొగ్గు కణకణ ఎర్రబడ్డాకే లోపలికి తీసుకుపోయి, తలుపులు బార్లా తెరిచి వండేవాళ్లు. పొయ్యి బయటెందుకు పెడతారని ఆమె అడిగిన రోజున, మన సంసారం పక్కోళ్లకు చూపెట్టుకోనీకి అన్నాను. నవ్వింది, నమ్మింది.

ఆ వానాకాలం ఒకనాడు పొద్దుటి నుంచీ ముసురు. నేను మొదటి షిఫ్టు దిగి వచ్చేసరికి స్నానానికి వేడినీళ్లు ఉండాలని ఆమె ఆరాటం. చూరు కింద పెట్టినా, ఇంకా చేయి తిరగని ఆమెకు ఆ జల్లులో పొయ్యి అంటుకోలేదు. పక్కోళ్లకు చూపించుకోవడానికే అయితే ఈ వానలో చూసేదెవరు అనుకుందేమో, లోపలికి తెచ్చి, గాలి కొట్టకుండా తలుపూ కిటికీ మూసి రాజేసింది.

గోనెసంచి నెత్తిన కప్పుకుని అటుగా వెళుతున్న పక్కింటి అవ్వకు, ప్రతి చూరు కిందా ఒక పొయ్యి పొగలు కక్కుతూ కనబడింది గానీ మా గడప ముందు ఏమీ కనబడలేదు. పిలిచిందట, పలుకు లేదు. గొళ్లెం పెట్టకపోవడం మా అదృష్టం. తలుపు తోసి, నేల మీద పడి ఉన్న మనిషిని రెక్క పట్టి వానలోకి ఈడ్చుకొచ్చింది.

నేను వచ్చేసరికి నా భార్య గోడకు ఆనుకుని తడుస్తూ కూర్చుంది. అవ్వ చాటతో విసురుతోంది.

"ఏందిరా, గింత నోరున్నోనివి, పొయ్యి బయటెందుకు పెడ్తరో గదొక్కటి చెప్పరాలేదా నీకు?"

ఊపిరి ఇంకా అందకపోయినా మా ఇంటావిడ నా వైపే మాట్లాడింది. "చెప్పిండవ్వా... పక్కోళ్లకు చూపెట్టుకోనీకంట."

అవ్వ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "నవ్వురా, ఇప్పుడు నవ్వు."

నేను ఆమెను లేపి భుజానికి ఆనించుకున్నాను. ముగ్గురం దవాఖానకు పోయాం. రెండు రోజులకు ఆమె తేరుకుంది గానీ, పొగ వాసన తగిలితే దగ్గు మాత్రం ఈనాటికీ ఆగదు. ఆ తర్వాత నెల రోజులు అవ్వే వచ్చి పక్కన కూర్చుని పొయ్యి రాజేయించింది. కొంగు చాచి అడిగినా సొంత తల్లి చేస్తుందో లేదో, మేము అడగకుండానే చేసింది.

బొగ్గును నేను తిట్టను. మా పిల్లల పలకా బలపం, ఈ ఇంటి గోడలు అన్నీ అది పెట్టినవే. గ్యాసు వచ్చాక గడపల ముందు పొయ్యిలు పోయాయి, ఇప్పుడు ఎండే వంటింట్లోకి వచ్చింది. ఆ రోజుల పొగ మళ్లీ రావాలని నేను పరాచికానికి కూడా అనను. కానీ తలుపులు మూసుకుని హాయిగా వండుకునే ఈ కాలంలో, ఎవరింట్లో పొయ్యి వెలిగిందో, ఎవరింట్లో వెలగలేదో బయటికి తెలిసే దారే లేదు. అవ్వ పోయి కూడా చానా ఏళ్లయింది.

మా ఇంటావిడ మాత్రం రోజూ పొద్దున వంట కాగానే వీధిలోకి వెళ్లి, ఒక్కొక్క తలుపు ముందు ఆగి "ఏం కూరక్కా?" అని కేకేస్తుంది. కొత్తగా కిరాయికి వచ్చినవాళ్లు, ఈమెకు మన కూరతో ఏం పని అని విసుక్కుంటారు. విసుక్కున్నా సరే, లోపలి నుంచి జవాబు వచ్చేదాకా ఆమె ఆ గడప ముందు నుంచి కదలదు.