ఖాళీగా ఇవ్వకూడదని

మొన్న మనవరాలు లైబ్రరీ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆ పాత కాగితం వాసనకి, కోటబొమ్మాళిలో నేను మొదటిసారి అడిగి తెచ్చుకున్న పుస్తకం గుర్తొచ్చింది.

నాకు అక్షరాలు వచ్చిందే పన్నెండేళ్లకు. ఆ పుస్తకంలో ‘దిగంతం’, ‘నిర్మలం’ లాంటి కొత్త మాటలు పదకొండు దొరికాయి. కనపడినవాళ్లందర్నీ అడిగి అర్థాలు నేర్చుకున్నాను. తిరిగిచ్చే రోజున భయం పట్టుకుంది. మా ఇళ్లలో ఎవరి గిన్నె తెచ్చుకున్నా ఖాళీగా తిరిగివ్వరు. ఇన్ని మాటలు తీసుకుని ఉత్త పుస్తకం ఇస్తే ఇంకోటి ఇవ్వరనుకున్నాను. అందుకని మా పొలం మాటలు పదకొండు చీటీ మీద రాసి లోపల పెట్టాను.

లైబ్రరీ మేస్టారు వేరే జిల్లా నుంచి వచ్చినాయన. చీటీ చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

“ఏమిటే ఇది?”

“మీ పుస్తకంలో మాటలు తీసుకున్నాను కదండి. ఉత్తినే ఎలగిచ్చీడం?”

“ఉభాలంటే?”

“వరి నాట్లండి. అదీ తెల్దేటి మీకు?”

పేపరు చదువుతున్నాయన పకపకా నవ్వాడు. మేస్టారు మాత్రం నవ్వలేదు. నన్ను బల్ల పక్కన కూర్చోబెట్టి, పదకొండింటికీ అర్థాలు అడిగి రాసుకున్నారు. ఆ రోజు నాకు రెండు పుస్తకాలిచ్చారు.

మాటలు నేర్చుకుంటే పుస్తకంలో తరిగిపోవని తర్వాత తెలిసింది. చదివితే మాటలు పెరుగుతాయంటారు, నిజమే, నాకూ పెరిగాయి. కానీ చదువుకున్న మనిషి రాసుకోదగ్గ మాటలు అంతకుముందే నా దగ్గరున్నాయి. ఈ మాట చెప్పుకోడానికి నాకేం మొహమాటం లేదు.