బావ చేతి పని, నా మిషన్ మోత

మా బావ పోయిన కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. మలక్‌పేటలోని మా షెడ్డులో ఒక తెల్లకారు మీద పాలిష్ మిషన్ నడుపుతున్నాను. అక్క ఫోన్ చేస్తూనే ఉందట, ఆ మోతలో వినపడలేదు. చివరికి పక్క చాయ్ హోటల్ భాయ్ వచ్చి ప్లగ్గు పీకేసి, "భాయ్, పహలే ఘర్ జావో, ముందు ఇంటికి నడువు. మీ బావ పోయిండంట," అన్నాడు. పొద్దున చాయ్ తాగి, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడని ఇంటికి వెళ్లాక చెప్పారు.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. రాస్తాను. కానీ ఆయన మంచితనమే నా కడుపుమంట. అందుకని రెండూ కలిపే రాయాల్సి వస్తోంది, మీరేమీ అనుకోకండి.

మాది పాతబస్తీలోని హుస్సేనీ ఆలం. మా బాపుకు ఒక పాత నల్లకారు ఉంది. పెళ్లిళ్లకు, బారాత్ ఊరేగింపులకు కిరాయికి తిప్పుతాడు. పెళ్లికొడుకు ఎక్కే కారు కాబట్టి అద్దంలా మెరవాలి. ఆ మెరిపించే పని మా ఇంట్లో ఇద్దరికి తెలుసు. అక్క మొగుడు, అంటే మా బావ, కారుకు చేత్తో వ్యాక్స్ పూసి చేత్తోనే తీసేవాడు. నేను మిషన్‌తో పూసి మిషన్‌తో తీస్తాను. షెడ్డు ఒకటే, సగం ఆయనది, సగం నాది. ఊరివాళ్ల కార్లు రెండు వైపులా వచ్చేవి. బాపు కారు మాత్రం ఎన్నడూ నా వైపు రాలేదు. కన్నకొడుకుని నేనుండగా తాళంచెవి అల్లుడి చేతికి పోయేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా బాపుకు అల్లుడింటి పుల్లకూర ఇంకా రుచి.

బావ పని గురించి చెప్పాలంటే ముందు ఆయన అంగీ గురించి చెప్పాలి. కారును ముట్టుకునే ముందు అంగీ విప్పి, వెనక ముందుగా తిప్పి తొడుక్కునేవాడు. గుండీలు తగిలి రంగు మీద గీతలు పడతాయని ఆయన భయం. వీపు మీద గుండీలు ఎవరికి వారు పెట్టుకోలేరు కదా. "బామ్మర్దీ, జర గుండీలు పెట్టు," అంటూ నా వైపు వీపు తిప్పేవాడు. బాపు కారు వచ్చిన రోజున కూడా నేనే పెట్టేవాణ్ణి, పళ్లు కొరుక్కుంటూ.

తుడిచే గుడ్డల దగ్గరా అదే వరస. నేను బేగంబజార్ పోయి బేరమాడి కొనుక్కొస్తాను. బావకు ఆ తిప్పలు లేవు. మా అమ్మ తన పాత నూలు చీరలన్నీ ఉతికి, మడతపెట్టి అల్లుడి కోసం దాచేది. "నాకు గూడ ఒకటియ్యే," అంటే, "నీకు మిషన్ ఉంది గద బిడ్డా, చీరెందుకు?" అనేది. చిన్నప్పుడు నేను కప్పుకుని పడుకున్న చీరలవి. వాటితో ఆయన ఎవరెవరి కార్లనో తుడిచేవాడు. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది.

"పెట్టుడు అల్క బామ్మర్దీ, తీసుడే కష్టం," అనేవాడు. ఇందులో వేదాంతమేమీ లేదు, వ్యాక్స్ గురించే అనేవాడు. పూసింది ఆరి తెల్లటి పొర కట్టాక, దాన్ని మరక మిగలకుండా తీయడంలోనే ఉంది పనితనమంతా. నేను కారంతా ముగించేసరికి ఆయన ఇంకా ఒక తలుపు దగ్గరే ఉండేవాడు.

ఒక ఎండాకాలం ఆయన పెద్ద తప్పే చేశాడు. బాపు కారును ఎండలోనే పెట్టి, దాని ఒళ్లంతా వ్యాక్స్ పూసేసి, బాపుతో మాటల్లో పడ్డాడు. నల్లరంగు ఎండకు పెనంలా కాలుతుంది. పూసింది పూసినట్టు గట్టిపడి అంటుకుపోయింది. అమ్మ చీర చిరిగిందే కానీ పొర కదల్లేదు. సాయంత్రానికి బారాత్ ఉంది. అప్పుడు గుర్తొచ్చాను నేను. కారును నీడలోకి నెట్టించి, చల్లారనిచ్చి, ఆ పొర మీదే మళ్లీ పల్చగా వ్యాక్స్ పూసి మెత్తబరిచి, మిషన్‌తో మొత్తం తీశాను. నిజం చెబుతున్నాను, బావ చేతిలో ఆ కారు ఎన్నడూ అంతగా మెరవలేదు. ఇక తాళంచెవి నాదే అనుకున్నాను. బాపు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, బావ భుజం మీద చెయ్యేశాడు.

"ఎండల మస్తు గోసపడ్డవు అల్లుడా. దా, చాయ్ తాగుదాం."

వాళ్లిద్దరూ హోటల్లోకి పోయారు. నేను వైరు చుట్టుకుంటూ నిలబడ్డాను.

మర్నాడు ఉండబట్టలేక అడిగేశాను. "నా పనిల ఏం తక్కువైంది బాపూ?"

"నీ పనికేమైందిరా, మంచిగనే ఉంది."

"మరి కారు ఆయనకే ఎందుకిస్తవు?"

"అల్లుడు తుడుస్తుంటే పక్కన కూసోని మాట్లాడొచ్చు. నీ మిషన్ లొల్లిల ఏం మాట్లాడుతం?"

ఆ తర్వాత ఒకటి రెండుసార్లు మిషన్ ఆపి వాళ్ల మాటలు విన్నాను. కూరగాయల ధరలు, మోకాళ్ల నొప్పులు, అంతే. కానీ చిన్నతనంలో తండ్రి కొడితే బాపు ఇంట్లోంచి పారిపోయి, రేసుల మైదానం గోడ పక్కన రోజంతా ఏడుస్తూ కూర్చున్న సంగతి నాకు అలా విన్నప్పుడే తెలిసింది. కొడుకుకు ఎన్నడూ చెప్పని మాట అల్లుడికి చెప్పాడు. అప్పటినుంచి నాకు కారు మీద ఆశ పోయింది, ఆ మాటల మీద పుట్టింది.

నా కుళ్లు బావకు తెలుసు. తెలిసీ ఒక్క మాట అనలేదు. పైగా పని అయ్యాక, "మామా, డిక్కీ దిక్కు మెరుగు సూడు, అది మా బామ్మర్ది చేసిందే," అని నేను ముట్టని పనికి కూడా నా పేరు చెప్పేవాడు. అంత మంచివాడి మీద కుళ్లుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు.

బావ దినాలు అయిపోయాయి. ముందే ఒప్పుకున్న బారాత్ ఒకటి ఉంది. బాపు కారు తెచ్చి, షెడ్డులో నా వైపు ఆపాడు. తాళంచెవి నా అరచేతిలో పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

నేను మిషన్ ముట్టుకోలేదు. అక్కనడిగి తెచ్చుకున్న అమ్మ చీర ముక్క ఉంది. వ్యాక్స్ పూసి, ఆరనిచ్చి, చేత్తో తీయడం మొదలుపెట్టాను. షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. బాపు ఏదో ఒకటి ఎత్తుకుంటాడని, కూరగాయల ధరలైనా సరేనని, చెవులప్పగించి తుడుస్తున్నాను.

"మిషన్ పెట్టురా," అన్నాడు బాపు.

"చేతితోనే చేస్త బాపూ. మాట్లాడుకుందాం."

"వద్దు బిడ్డా. మిషనే పెట్టు. జర లొల్లి కానియ్యి."

పెట్టాను. మోత మొదలయ్యాక బాపు తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మోతలో ఏమీ వినపడటం లేదు. నేను పోయినా ఇంతగా ఏడుస్తాడా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు. బానెట్ మీద పొర ఎప్పుడో పోయింది, ఇంకా తిప్పితే రంగు కాలిపోతుంది. మిషన్‌ను పైకెత్తి గాలిలో పట్టుకుని, బాపు తువ్వాల దించేదాకా ఆపకుండా నడిపించాను.